గిన్నె మా ఇంట్ల ఉన్న దినం

మొన్న వానలప్పుడు మా సొసైటీ వాట్సాప్ గ్రూపుల ఒక మెసేజ్ వచ్చింది. ఖాడీ వాగుల నీళ్లు పెరుగుతున్నయి, కింద ఒక్కతే ఉండే బాను ఎవరన్న జర పైకి తోలుకపోండ్రి అని. బా అంటే మా బిల్డింగుల గ్రౌండ్ ఫ్లోరుల ఉండే గుజరాతీ ముసలామె. రెండు నిమిషాలల్ల పద్దెనిమిది మంది బొటనవేలు చూపిచ్చిండ్రు. ఇద్దరు చేతులు జోడిచ్చిండ్రు. ఒకామె పువ్వు గూడ పెట్టింది.

నేను పొయ్యి బంద్ చేసి, చెప్పులు గూడ ఏసుకోకుండ కిందికి ఉరికిన. సీరియల్ అయిపోయినంక వస్త అన్నది బా. టీవీ బంద్ చేసిన. పాపడ్ల డబ్బా ఇడిచిపెట్టి రాను అన్నది. సరే అని ఒక చేత్తోని డబ్బా, ఒక చేత్తోని ఆమెను పట్టుకొని మూడు అంతస్తులు ఎక్కిచ్చిన. ఆ పద్దెనిమిది మందిల ఒక్కరు గూడ మెట్ల మీద ఎదురు రాలె. అందరు మంచోళ్లే, నేను కాదంటలేను. ఎవరో ఒకరు పోయే ఉంటరని అందరు అనుకున్నరు, అంతే.

నా బిడ్డ నవ్వింది. "మమ్మీ, నీళ్లు ఇంకా గేటు కాడికి గూడ రాలె. ఇంత జల్దీ ఏమున్నది?" అన్నది. ఏమున్నదో చెప్పాలంటే నేను మళ్ల తొమ్మిదేండ్ల పోరినై మా పాత గల్లీల నిలబడాలె.

మా గల్లీల పన్నెండు ఇండ్లు. కింద సాంచెలు, మీద సంసారాలు. మా తాతలు ఊర్ల చేతిమగ్గం నేసినోళ్లు. మా బాపులు సూరత్ బండెక్కి వచ్చి కరెంటు మగ్గాలు, అవే సాంచెలు, పట్టిండ్రు. ఆ సాంచెల చప్పుడు పగలు లేదు రాత్రి లేదు, నడుస్తనే ఉంటుండె. గోడలు అదురుతుండె, మంచినీళ్ల గ్లాసుల నీళ్లు గూడ సన్నగ వణుకుతుండె. గల్లీ మొగదాల కాలు పెడితె మిషను నూనె వాసన, రంగెయ్యని కోరా బట్ట వాసన, మూల మీద కారాలు, మిఠాయిలు అమ్మే ఫర్సాణ్ దుకాణంల కాగే శనగపిండి వాసన, మూడూ కలిసి ముక్కుకు తగులుతుండె. ఇప్పటికి గూడ యాడనన్న మిషను నూనె వాసనొస్తె నాకు ఆకలైతది.

గంత చప్పుట్ల నోటితోని ఏం మాట్లాడుతం? అందుకే మా గల్లీ అంత చేతులతోనే మాట్లాడుతుండె. పోగు తెగింది అంటె రెండు వేళ్ల కత్తెర. బువ్వ తిన్నవా అంటె ఐదు వేళ్లు నోటి కాడికి. సేఠ్ వస్తున్నడు అంటె కడుపు ముంగట గాలిల పెద్ద సున్న. పని అయిపోయింది అంటె అరచెయ్యి బోర్లేసి ఒక్కసారి కిందికి దించుడు. మా పిలగాండ్లకు మాటలకన్న ముందు ఈ సైగలే వచ్చినయి. బడిల మాస్టరు ఎనుకకు తిరగంగనే మేము తరగతి గది ఈ చివర నుంచి ఆ చివరకు ముచ్చట్లు పెట్టుకుంటుంటిమి, ఆయనకు పాపం ఏం తెల్వకపోతుండె.

చెయ్యిని రాట్నం తిప్పినట్టు గుండ్రంగ తిప్పితె అది కండెల అవ్వ. ఊర్ల ఉన్నప్పుడు మగ్గాలకు కండెలు చుట్టేదట, అందుకే ఆ పేరు. అసలు పేరు ఎవ్వరికి తెల్వదు, నాకు గూడ తెల్వదు. మొగడు పోయిండు, పిల్లలు లేరు. గల్లీ చివర వట్టి సాంచెలే ఉండే ఒక కార్ఖానా ఉండె. దాని మెట్ల కింద ఒక చిన్న అర్రల ఉంటుండె అవ్వ. సేఠ్ ఇచ్చిన చీరెలకు మిగిలిన పోగులు కత్తిరిచ్చుకుంట కూసుంటుండె. మోకాళ్లు పట్టుకపోయినయి, ఒకరు పట్టుకుంటె తప్ప నడవలేకపోతుండె. నోటికి మాత్రం ఏ నొప్పి లేదు.

అవ్వకు బువ్వ పన్నెండు ఇండ్ల వంతు. ఒక స్టీలు గిన్నె ఉంటుండె. ఇయ్యాల మా ఇంటి బువ్వ పోయిందంటె, రాత్రి గిన్నె తెచ్చి కడిగి పక్కింటి గడప మీద పెడతం. ఇగ రేపు వాళ్ల వంతు. ఎవ్వరు కాయితం మీద రాయలె, ఎవ్వరు పంచాయితీ పెట్టలె. గిన్నె ఎవరింట్ల ఉంటె ఆ దినం అవ్వ వాళ్ల మనిషి. మందు గోలీ వాళ్లే ఏస్తరు, తలకు నూనె వాళ్లే పెడతరు, జరమొస్తె డాక్టరు కాడికి వాళ్లే తోలుకపోతరు. మిగిలిన పదకొండు ఇండ్లోళ్లు ఆ దినం బేఫికర్.

మా వంతునాడు గిన్నె మోసేది నేనే. అవ్వ మూత తీసి, వాసన చూసి, ఒక్కొక్క ఇంటి వంట మీద తీర్పు చెప్తుండె. ఫలానామె పచ్చిపులుసుల చింతపండును దూరంకెళ్లి చూపిచ్చి తీసేసిందట. ఇంకొకామె రొట్టె చెప్పు అడుగుకు పనికొస్తదట. మా అమ్మ కూరల ఉప్పు ఎక్కువైతె, మీ బాపుతోని లొల్లయిందా అని నన్నడుగుతుండె. నిజంగనే అయ్యుంటుండె.

నేను మాత్రం తక్కువదాన్నా? గుడ్డు కూరనాడు మెట్ల కాడ ఆగి సగం గుడ్డు గుటుక్కున మింగుతుంటి. అవ్వ గిన్నెల వేలు పెట్టి కెలికి, "ఇదేం కోడిరా అయ్యా, సగమే పెట్టింది" అంటుండె. నా దిక్కు మాత్రం చూడకపోతుండె. నేను గోడ మీది బల్లిని చూసుకుంట నిలబడుతుంటి.

ఇగ ఆ యేడు వాన సంగతి. మా గల్లీకి నీళ్లు కొత్తగాదు. యేటా ఖాడీ పొంగి చీలమండల దాక వస్తయి, రెండు దినాలు ఉంటయి, పోతయి. అందుకే కింది అర్రలల్ల ఉన్న మంచాల కింద వానకాలం మొత్తం ఇటుకలు పెట్టి ఉంటయి. నీళ్లు వస్తె బడి బందు, సాంచెలు బందు. పిలగాండ్లకు అంతకన్న పండుగ ఏమున్నది?

ఆ దినం పొద్దుగాల్ల ఆటోల మైకు పెట్టి చెప్పుకుంట పోయిండ్రు. పైన డ్యాము నుంచి నీళ్లు ఇడుస్తున్నరు, నది నిండింది, కిందోళ్లు మీదికి పోవాలె అని. మా పెద్దలు తాపీగ బీడీలు ముట్టిచ్చిండ్రు. యేటా చెప్పేదే గద అన్నరు. కని పదకొండు గంటలకు నీళ్లు మోకాళ్లు దాటంగనే బీడీలు పారేసి ఉరుకుడే ఉరుకుడు. ముందుగల ఏం మోసిండ్రంటరు? సేఠ్ తాకాలు. నేసి చుట్టిపెట్టిన కోరా బట్ట చుట్టను మా కాడ తాకా అంటరు. అది తడిస్తె కూలి పోతది. మా బాపు, చిన్నాయన ఇద్దరు భుజాల మీద ఏసుకొని మెట్లెక్కుడు దిగుడు. చిన్నాయన అంటె మా అమ్మ చెల్లెలు మొగడు. వాళ్లది మా ఎదురిల్లే.

అమ్మ డబ్బాల బియ్యం పోసుకుంట నాకు చెప్పింది. "పోయి అవ్వను పట్టుకొని తోలుకరా. గిన్నె మన ఇంట్లనే ఉన్నది, ఇయ్యాల వంతు మనది. యాడ ఆగకు."

యాడ ఆగకు అని చెప్పకపోయినా బాగుండు. ఎదురింటి కింద ఫర్సాణ్ దుకాణం కాకా సామాన్లు పైకి ఎక్కిస్తున్నడు. మెట్ల మీద పిలగాండ్లు వరుసగ నిలబడి, గాంఠియా డబ్బాలు, నూనె పీపాలు, బెల్లం ముద్దలు ఒకరి చేతిలకెళ్లి ఒకరి చేతిలకు పంపిస్తున్నరు. మోసినోళ్లకు మోసినన్ని జిలేబీలు అన్నడు కాకా. ఇప్పుడే తీసినయి, వేడి వేడియి, పాకం కారుతున్నది. అవ్వ యాడికి పోతది, రెండు డబ్బాలు అందిచ్చి పోదాం అనుకున్న. రెండు ఇరవై అయినయి. ఏడు జిలేబీలు తిన్న. ఇప్పటికి గూడ లెక్క యాదికున్నది.

ఆఖరి డబ్బాతోని నేను గూడ చిన్నమ్మ డాబా మీదికి చేరిన. వాన రేకుల మీద ధడధడ కొడుతున్నది. గల్లీ అవతల మా డాబా మీద అమ్మ నిలబడి ఉన్నది. చెయ్యిని రాట్నం తిప్పినట్టు తిప్పి, అరచెయ్యి మీదికి లేపింది. అవ్వ ఏది అని.

లేదని చెప్తె చంపుతది. ఒక్క నిమిషంల దిగి ఉరికి తీసుకొస్త, గంతసేపట్ల ఏమైతది అనుకున్న. అరచెయ్యి బోర్లేసి కిందికి దించిన. అయిపోయింది, వచ్చేసింది అని.

అమ్మ తలూపి లోపలికి పోయింది. అవ్వ చిన్నమ్మ ఇంట్ల ఉన్నది అనుకున్నది.

నేను మెట్లు దిగి చూస్తె నీళ్లు నా కంటె ఎత్తు ఉన్నయి. నడుమ మెట్టు మీద నిలబడి చాలాసేపు చూసిన. ఒక ప్లాస్టిక్ కుర్చీ తేలుకుంట పోయింది. ఒక చెప్పు పోయింది. మళ్ల పైకెక్కిన. చిన్నమ్మ కొంగు పట్టుకొని, చిన్నమ్మా, అవ్వ ఉన్నదా అని గొణిగిన. "మీ ఇంట్ల ఉంటది గదనే. గిన్నె మీ కాడ గద" అన్నది చిన్నమ్మ, ఉల్లిగడ్డలు కోసుకుంట. ఈ పక్కోళ్లు ఆ పక్క అనుకున్నరు, ఆ పక్కోళ్లు ఈ పక్క అనుకున్నరు. యాడ లేదని తెలిసింది నేనొక్కదాన్నే.

డాబా మీద ఖిచిడీ ఉడుకుతున్నది. ఆడోళ్లు నవ్వుతున్నరు. ఒక పెద్దాయన తన చుట్ట డబ్బా కొట్టుకపోయిందని శోకాలు పెడుతుంటె అందరు పొట్టలు పట్టుకుంటున్నరు. నేను మాత్రం పిట్టగోడ పట్టుకొని గల్లీ చివర దిక్కే చూస్తున్న. అవ్వ సచ్చిపోతది, నేనే సంపినట్టు అయితది. అట్ల ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు. అరగంట అయి ఉంటది. నా బతుకుల గంత పొడుగు అరగంట మళ్ల రాలె.

అప్పుడు మా డాబా మీదికి బాపు వచ్చిండు, తల తుడుసుకుంట. బాపూ అని ఒర్రిన. వానల వినపడలె. రెండు చేతులు ఊపిన. చూసిండు. చెయ్యిని రాట్నం తిప్పిన. గల్లీ చివరకు వేలు చూపిచ్చిన. కిందికి చూపిచ్చిన. ఆయనకు మొదలు సమజ్ కాలె. మళ్ల చేసిన, ఏడ్చుకుంట చేసిన. అవ్వ, అక్కడ, కింద. బాపు మొకం మీది నవ్వు ఒక్కసారిగ పోయింది. చేతిల తువాల ఆడనే పారేసిండు.

బాపు, చిన్నాయన ఇద్దరే దిగిండ్రు. నీళ్లు వాళ్లకు ఛాతి దాక. ఈత వచ్చినోళ్లు కాదు, మగ్గం గుంతల పుట్టినోళ్లు. చిన్నాయన పాండేసర దిక్కు బట్టలకు రంగులేసే మిల్లుల పని చేసేటప్పుడు రంగుల నీలి డ్రమ్ము ఒకటి తెచ్చి సగానికి కోపిచ్చిండు, అందుల మేము బట్టలు నానబెడుతుంటిమి. ఆ సగం డ్రమ్ము నీళ్లల్ల ఏసిండ్రు. తాడు లేదు. బాపు ఒక్క క్షణం ఆగి, పొద్దుగాల్ల అందరికన్న ముందు పైకి మోసిన సేఠ్ తాకా విప్పిండు. దాన్ని పేనుకుంట ఒక కొన మెట్ల గ్రిల్లుకు కట్టిండు, ఒక కొన నడుముకు కట్టుకున్నడు. ఇరవై ఏండ్ల సంది దినానికి వెయ్యి ముడులు ఏసే చెయ్యి ఆయనది. కని తడిసిన నైలాను బట్ట, పట్టు లేదు. ఏసిన ముడి ఏసినట్టే జారిపోతున్నది. మూడోసారి ముడి మీద ముడి ఏస్తె ఆగింది.

వాళ్లు కార్ఖానా మలుపు తిరిగి కనపడకుండ పోయినంక అన్ని డాబాల మీద నవ్వులు ఆగిపోయినయి. ఎవరి వంతు అని ఎవ్వరు అడగలె. అందరికి తెలుసు.

లోపల ఏమైందో బాపు తర్వాత చెప్పిండు. ఎన్నిసార్లు చెప్పిండో లెక్క లేదు. అర్ర గల్లీ కన్న మూడు మెట్లు ఎత్తు, లోపల చీకటిగున్నదట. ఇటుకల మీది మంచం, మంచం మీద బొంతల కుప్ప, ఆ కుప్ప మీద అవ్వ. నీళ్లు బొంతలను అంటుతున్నయట. సేఠ్ చీరెల మూట తడవకుండ నెత్తి మీద పెట్టుకొని, ఒక చేత్తోని దాన్ని పట్టుకొని, దవడల పోకచెక్క పెట్టుకొని కూసున్నదట. వీళ్లను చూసి, "ఇయ్యాల వంతు ఎవరిదిరా? పొద్దు వాలింది, బువ్వ జాడ లేదు" అన్నదట.

మరి ఒర్రకపోయినవా అవ్వా, ఎవరినన్న పిలవకపోయినవా అని బాపు అడిగిండట. ఎందుకు ఒర్రాలె, బువ్వ వస్తది గద, బువ్వతోని మనిషి వస్తరు గద అన్నదట. పద్నాలుగేండ్లల్ల ఒక్క పూట గూడ బువ్వ తప్పలేదని ఆమె ధీమా. బాపు ఈ మాట చెప్పినప్పుడల్ల నవ్వుతుండె, నవ్వి మొకం అటు తిప్పుకుంటుండె.

మలుపు కాడ నీలి డ్రమ్ము కనపడ్డది. అందుల అవ్వ, నెత్తి మీద మూట. ముంగట బాపు గుంజుతున్నడు, ఎనుక చిన్నాయన నూకుతున్నడు. తోవల బాపు నడుముకున్న ముడి మళ్ల జారింది. "ముడి ఏసుడు గూడ రాదు, మీరేం నేస్తున్నరురా" అని అవ్వ డ్రమ్ములకెళ్లి తిడుతున్నది. పన్నెండు డాబాల మీద జనం చప్పట్లు కొట్టిండ్రు, ఈలలు ఏసిండ్రు. ఫర్సాణ్ కాకా చేతులు జోడిచ్చి రామ రామ అన్నడు. నేను పిట్టగోడ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చిన.

అవ్వను మా ఇంటికి ఎక్కిచ్చి, అదే డ్రమ్ముల నన్ను తీసుకపోవుటానికి బాపు మళ్ల వచ్చిండు. వేరే దినమైతె ఆ సవారీ కోసం నేను ప్రాణమిస్తుంటి. ఆ దినం మాత్రం జైలు బండి ఎక్కినట్టు ఎక్కిన.

అమ్మ మెట్ల మీదనే ఉన్నది. నా చెవు పట్టుకొని లోపలికి గుంజుకపోయింది. లోపల అవ్వ పొడి చీరె కట్టుకొని, మా మంచం మీద కాళ్లు చాపుకొని, ఖిచిడీ ముంగట పెట్టుకొని ఉన్నది. అమ్మ కండ్లు ఎర్రగున్నయి.

"వచ్చిందని చెయ్యి దించినవ్ గదనే. చెప్పు. ఎందుకు దించినవ్?" అన్నది. చెయ్యి లేపింది.

"దాన్ని ఇడువు" అన్నది అవ్వ. ముద్ద నోట్ల పెట్టుకొని, నిమ్మళంగ నమిలి, మింగి అప్పుడు చెప్పింది. "పోరి వచ్చింది. నా చెయ్యి గూడ పట్టింది. నువ్వు నడువు, ఎనుకనే వస్త, వచ్చిందని మీ అమ్మకు చెప్పు అన్న నేనే. సేఠ్ చీరెలు సదురుకుంట ఆగిన. అంతల నీళ్లు వచ్చినయి. తప్పు నాది."

అమ్మ చెయ్యి దిగింది. ఆ తర్వాత లొల్లి అంత అవ్వ మీదికి పోయింది. గంత మొండితనమా, చీరెలు ముఖ్యమా పాణం ముఖ్యమా, ముసలితనం వచ్చినంక బుద్ధి గూడ పోతదా అని అమ్మ తిట్టింది, బాపు తిట్టిండు, మరునాడు అదే డ్రమ్ముల వచ్చిన చిన్నమ్మ గూడ తిట్టింది. అవ్వ అన్నిటికి ఊ కొట్టింది. నావైన తిట్లన్ని ఆమె ఖిచిడీతోని కలిపి తిన్నది.

మూడు దినాలు నీళ్లున్నయి. పడవలల్ల పాల పొట్లాలు వచ్చినయి. అవతలి గల్లీ గుజరాతీ ఇండ్ల నుంచి థేప్లా రొట్టెల కట్ట ఒకటి డాబా నుంచి డాబాకు విసురుకుంట మా దాక చేరింది. మేము మామిడికాయ తొక్కు సీసా అదే దారిల పంపినం. సాంచెలు బందైనంక ఎవ్వరికి నిద్ర పట్టలె, చప్పుడు లేదు గద. పగలంత కునికిపాట్లు పడుకుంట, అవ్వ చుట్టూ కూసొని ఊరి ముచ్చట్లు విన్నరు. నేను మాత్రం అవ్వకు ఎదురు పడకుండ తిరిగిన. ఒకే అర్రల ఒక మనిషికి మూడు దినాలు ఎదురు పడకుండ తిరుగుడు ఎంత కష్టమో నన్నడగండ్రి.

నీళ్లు పోయినంక బురద ఎత్తుడు, గోడలు కడుగుడు. అవ్వ అర్రను పన్నెండు ఇండ్లోళ్లు కలిసి కడిగిండ్రు. వంతులు మళ్ల మొదలైనయి. తిరిగి తిరిగి మా వంతు వచ్చింది. నేను గిన్నె పట్టుకొని పోయిన. మంచం పక్కన పెట్టి, పోకుండ నిలబడ్డ.

"ఎందుకు అబద్ధమాడినవ్ అవ్వా? నేను రాలె. జిలేబీలు తినుకుంట కూసున్న" అన్న. ఇగ ఆగలె, ఏడుపు వచ్చేసింది.

అవ్వ మూత తీసింది, వాసన చూసింది. తీర్పు చెప్పలె. మూత మళ్ల పెట్టింది.

"మీ అమ్మ చెయ్యి పెద్దది. నాలుగు పడుతుండె నీకు. పడితె ఏమైతుండె? గిన్నె పట్టుకున్నప్పుడల్ల ఆ దెబ్బలు యాదికొస్తుండె. నా కాడికి వచ్చుడంటె నీకు శిక్ష అయితుండె" అన్నది. "శిక్ష కింద తెచ్చిన బువ్వ నాకు మింగుడు పడదు బిడ్డా. పన్నెండు ఇండ్లల్ల తింటున్న. ఇప్పటి దాక ఒక్క ఇంట్ల గూడ గట్ల తినలె."

అని బువ్వ కలుపుకొని తిన్నది. నేను ముక్కు చీదుకుంట చూసిన.

మరునాడు వంతు మాది కాదు. బడి నుంచి వచ్చి సంచి పారేసి, గల్లీ చివరకు పోయిన. చేతులల్ల ఏం లేదు. అవ్వ కత్తెర ఆపి చూసింది.

"ఇయ్యాల వంతు మీది కాదు గదనే" అన్నది.

"కాదు."

"మీ అమ్మ ఏమన్న చెప్పుమన్నదా?"

"లేదు. ఉత్తగనే వచ్చిన" అన్న.

అవ్వ మంచం మీది చీరెల మూట గోడ దిక్కు జరిపి, తను గూడ కొంచెం జరిగింది. నేను ఎక్కి కూసున్న. ఆ పూట ఏం మాట్లాడుకున్నమో ఒక్క ముక్క యాదికి లేదు. అవ్వ పోయేదాక ఆరేండ్లు, నేను ఉత్తగనే పోతనే ఉన్న.